రెండో స్థానం పొయ్యి

ఆ రోజు డైరెక్టరుగారి వీపుకు చలి పెట్టకపోయి ఉంటే ఈ కథ పుట్టేదే కాదు.

పుష్యమాసంలో ఆయన సీతంకొండ బాలికల వసతిగృహం తనిఖీకి వచ్చారు. ఆ కొండమీద ఆ నెలలో మధ్యాహ్నం మూడింటికే మంచు దిగి కిటికీల్లోంచి లోపలికి తొంగిచూస్తుంది. ఆయన రిజిస్టర్లు చూశారు. మరుగుదొడ్లను దూరం నుంచి చూశారు. వంటింట్లోకి వచ్చి, టీ వచ్చేదాకా ఎక్కడ నిలబడాలో తెలియక, పొయ్యికి వీపు ఆనించి నిలబడ్డారు. వంటయి రెండు గంటలు దాటింది. మంట లేదు, పొగ లేదు. అయినా కోటు మీంచి, చొక్కా మీంచి, బనీను మీంచి వేడి మెల్లగా ఎక్కి ఆయన వెన్నుపూసలను ఒక్కొక్కటిగా పలకరించింది. ఎనిమిది నిమిషాలు ఆయన కదల్లేదు.

"ఈ వేడి ఎక్కడిది?" అని అడిగారు చివరికి.

"పొయ్యిది బాబూ," అంది ఎర్నమ్మ.

ఎర్నమ్మ ఆ వసతిగృహంలో పంతొమ్మిదేళ్లుగా వంటమనిషి. ఆ పొయ్యి ఆమె చేత్తో వేసుకున్నది. నడుమెత్తున ఉండే మట్టిదిమ్మె, రెండు నోళ్లు, పిల్ల ఏనుగంత లావు. ఏటా ఎండాకాలం సెలవుల్లో దానికి కొత్తమట్టి మెత్తి, అలికి, ముగ్గు పెట్టేది. దాని గురించి అంత పెద్దమనిషి ఒక ప్రశ్న వేయడం అదే మొదలు. ఆమెకు ఆ రోజంతా సంతోషంగానే ఉంది.

డైరెక్టరుగారు వెనక్కి వెళ్లి ఒక ఫైలు మీద ఒకే ఒక్క వాక్యం రాశారు. "మంట లేకనే ఇంతసేపు వేడిని నిలుపుకొను పొయ్యిలు ఉండగా, శాఖ పరిధిలో ఎంత వేడి వృథా అగుచున్నదో పరిశీలించవలెను."

మూడు వారాల్లో ఆ వాక్యం లారీ ఎక్కి కొండమీదికి వచ్చింది.

లారీలో మూడు కొత్త పొయ్యిలున్నాయి. వెనక జీపులో ఉష్ణనిల్వ పొయ్యిల తులనాత్మక మూల్యాంకన సంఘం ఉంది. సంఘానికి అధ్యక్షులు శేషావతారంగారు. ఆయన రిటైరయిన ఇంజనీరు. సన్నగా, మెడకు మఫ్లరు చుట్టుకుని, చాలా మర్యాదస్తుడు. ఎవరినీ కసురుకోడు. కాకపోతే ఏ మాటనైనా నిబంధన చేసేదాకా ఆయనకు నిద్రపట్టదు. ఆయనతో పాటు ఇనుము విభాగం నుంచి ఒకాయన, సిమెంటు విభాగం నుంచి ఒకాయన దిగారు. వాళ్ల పేర్లు ఎర్నమ్మకు చివరిదాకా తెలియలేదు. ఇనుంబాబూ, సిమెంటుబాబూ అని పిలిచింది. వాళ్లు పలికారు. కొలతలు రాసుకోవడానికి ధనుంజయ అనే టెక్నికల్ అసిస్టెంటు వచ్చాడు. ముప్పయ్యేళ్లుంటాయి. అతని చేతిలో తుపాకీలాంటి థర్మామీటరు ఉంది. దాన్ని దేనికి గురిపెడితే దాని వేడి ఎంతో అంకె చెబుతుంది.

మూడు పొయ్యిలనూ వంటింట్లో ఎర్నమ్మ పొయ్యి పక్కన వరసగా నిలబెట్టారు. మొదటిది శేషావతారంగారు స్వయంగా తయారుచేసింది. పైన బలపంరాయి పలకలు, లోపల కొలిమి ఇటుక, రెండింటి నడుమ అభ్రకం పొడి. రెండోది పోత ఇనుము, దాని పొట్టనిండా ఇసుక. మూడోది సిమెంటు, ఉప్పు, గాజుపెంకులు కలిపి పోసిన దిమ్మ. ఏ రెండు మూడు వస్తువులు కలిస్తే వేడి ఎక్కువసేపు నిలుస్తుందో పోల్చి తేల్చడం సంఘం పని. నాలుగోది ఎర్నమ్మ పొయ్యి. దానికి కాగితాల్లో 'స్థానిక నమూనా: మట్టి తదితరములు' అని పేరు పెట్టారు.

వసతిగృహం వార్డెన్ హైమవతి నిబంధనలు చదివి వినిపించింది. రోజూ సాయంత్రం ఐదింటికి ప్రతి పొయ్యిలోనూ అయిదేసి కిలోల చింతకట్టెలు వేసి మండించాలి. ఆరింటికి ఆర్పాలి. మంట కంటికి కనిపించకూడదు. మర్నాడు పొద్దున్న ఆరింటికి ఏ పొయ్యిలో వేడి ఎక్కువ మిగిలిందో అది గెలిచినట్టు. రెండుసార్లు ప్రాథమిక పరీక్ష, మూడోసారి తుది పరీక్ష. తుది పరీక్షదే లెక్క. ఆవరణలో ఇంకెక్కడా నిప్పు రాజేయకూడదు. చుట్టూ ఉన్న గాలి వేడెక్కితే కొలతలు చెడిపోతాయి. పోతే, పరీక్ష జరిగినన్నాళ్లు ఏ పొయ్యి మీదా ఏ పాత్రా పెట్టరాదు.

అక్కడిదాకా చేతులు కట్టుకుని విన్న ఎర్నమ్మ చేతులు విప్పింది.

"మరి వంటో బాబూ?"

"వంట ఈ సంఘం పరిధిలోకి రాదమ్మా," అన్నారు శేషావతారంగారు.

"పొయ్యిలు చూడ్డానికే గదేటి వచ్చినారు?"

"పొయ్యి వస్తుంది. వంట రాదు."

"డేగిసా పెడితే ఏటవుద్ది?"

"పాత్ర పెట్టిన మరుక్షణం పొయ్యిలో ఉన్న వేడి పాత్రలోకి వెళ్లిపోతుంది."

"అందుకే గద బాబూ పెడతాం."

శేషావతారంగారు చిన్నపిల్లకు చెప్పినంత ఓర్పుగా చెప్పారు. "చూడమ్మా, సరిగ్గా అక్కడే మనవాళ్లు తరతరాలుగా పొరపాటు పడుతూ వచ్చారు."

ఎర్నమ్మ బాధ పొయ్యి గురించి కాదు, జావ గురించి. ఆ వసతిగృహంలో ఎనభై ఇద్దరు ఆడపిల్లలున్నారు. పొద్దున్న ఆరింటికి వేడివేడి చోడిజావ, అదే రాగిజావ, లోపలికి దిగితేగాని వాళ్ల దవడలు కదలవు, వేళ్లు పలక పట్టుకోవు. పంతొమ్మిదేళ్లలో ఎర్నమ్మ ఆ జావను ఆలస్యం చేసింది ఒక్కసారే. అది తుపానుకు వంటింటి కప్పు లేచిపోయిన రోజు. ఆ రోజు కూడా ఏడింటికల్లా గొడుగు కింద కాచి పోసింది.

"ఓడిపోయిన పొయ్యిల్నేటి సేత్తారు?" అని అడిగింది.

"తొలగిస్తారు," అంది హైమవతి కాగితం తిప్పుతూ. మిగతా నిబంధనలు చదవకముందే సంఘానికి భోజనాలకు టైమయింది. కింద బజారులో క్యారేజీలకు చెప్పారు. జీపు కదిలింది.

ఎర్నమ్మ కొత్త పొయ్యిల నోళ్ల మీద జానపెట్టి కొలిచింది. ఒక్కొక్కటీ రెండు శేర్ల గిన్నెకు సరిపోతుంది. ఎనభై ఇద్దరి డేగిసా పెడితే తాటికాయ మీద బుట్ట బోర్లించినట్టే. తన పొయ్యి ఓడితే దాన్ని పగలగొడతారు. దాన్ని పగలగొడితే ఈ కొండమీద ఇక జావ లేదు. ఆమెకు తెలిసినంతవరకు సంగతి ఇదీ.

ఆ సాయంత్రం నాలుగు పొయ్యిలూ మండాయి. ఆరు కొట్టగానే ఇనుంబాబు తన పొయ్యిలోంచి నిప్పులన్నీ లాగించి నీళ్లు కొట్టించాడు. సిమెంటుబాబూ అంతే చేయించాడు. శేషావతారంగారి పొయ్యిని స్వయంగా శేషావతారంగారే పద్ధతిగా చల్లార్చారు. ఎర్నమ్మ పొయ్యి దగ్గరికి వచ్చేసరికి, ఆ మసిలోకి వంగడానికి ఎవరికీ మనసొప్పలేదు.

"నీది నువ్వే ఆర్పుకో," అన్నాడు సిమెంటుబాబు.

ఆర్పడం అనే మాట ఎర్నమ్మకు నచ్చదు. వాళ్లత్త పొయ్యిని పడుకోబెట్టడం అనేది. పంతొమ్మిదేళ్లుగా రోజూ చేసినట్టే ఆ రోజూ చేసింది. లావుపాటి చింతనిప్పులను పొయ్యి వెనక గుంటలోకి నెట్టింది. వాటి మీద ఒక పిడక పెట్టింది. పైన రెండు చేటల బూడిద కప్పి, అరచేత్తో అద్ది, నోటికి పెంకు అడ్డం పెట్టింది. మంట లేదు, పొగ లేదు, చప్పుడు లేదు. పొద్దున్నే బూడిద తోసి నాలుగు పుల్లలు పెట్టి ఊదితే చాలు, పొయ్యి లేస్తుంది. ఆమెకు అగ్గిపెట్టె నెలకొకటి మిగులుతుంది.

ధనుంజయ టార్చి వేసి చూసి 'జ్వాల: లేదు' అని రాసుకున్నాడు.

పొద్దున్న ఆరింటికి సంఘం అంతా శాలువాలు కప్పుకుని వచ్చింది. బలపంరాయి పొయ్యి పద్నాలుగు డిగ్రీలు. ఇనుము పొయ్యి పదమూడు. సిమెంటు పొయ్యి పద్నాలుగు. గోడ కూడా పద్నాలుగే. ధనుంజయ తుపాకీని ఎర్నమ్మ పొయ్యికి గురిపెట్టాడు. అంకె చూసి, తుపాకీని తుడిచి, మళ్లీ గురిపెట్టాడు.

"అరవై ఒకటి సార్."

శేషావతారంగారు దగ్గరికి వచ్చి, పొయ్యి మీద అరచెయ్యి పెట్టి, తీయడం మరచిపోయారు.

"మట్టి తదితరములు," అన్నారు మెల్లగా. "తదితరములంటే ఏమిటమ్మా?"

"పుట్టమన్ను బాబూ. ఊక. పగిలిన కుండపెంకులు. గెడ్డవాగులోని నల్లరాళ్లు. కలుపుకోడానికి గంజి, బెల్లంనీళ్లు."

"బెల్లం ఎంత?"

"నాలిక్కి తగిలేంత."

"రాసుకోండి," అన్నారాయన. ధనుంజయ రాసుకున్నాడు. ఇనుంబాబు కిటుకంతా బెల్లంలోనే ఉందన్నాడు. సిమెంటుబాబు ఊకలో ఉందన్నాడు. ఇద్దరూ పొయ్యి అంచును చెంచాతో గీకి చెరో పొట్లం కట్టుకున్నారు. ఎర్నమ్మకు తన పిల్ల చెవి ఎవరో మెలిపెట్టినట్టు అనిపించింది. అయినా గెలిచింది తన పొయ్యి. అందుకని ఓర్చుకుంది.

పిల్లలు వచ్చారు. జావ లేదు. చన్నీళ్లలో తడిపిన అటుకులు పెట్టింది. పరీక్ష అయ్యేదాకా మూడు పూటలా అవే. వాళ్లలో నలుగురు అలవాటు కొద్దీ చేతులు కాచుకోవడానికి పొయ్యి దగ్గరికి పోయారు. శేషావతారంగారు కంగారుపడ్డారు. చల్లని చెయ్యి వేడిని తీసుకుంటుంది. నాలుగు నిమిషాల్లో ఎనిమిది చేతులంటే మాటలు కాదు. వెంటనే పొయ్యి చుట్టూ రెండు మీటర్ల దూరంలో తాడు కట్టించారు. తర్వాత తాను కూడా పొయ్యి మీద అరచెయ్యి పెట్టిన సంగతి గుర్తొచ్చి, ఆ మాట రిపోర్టులో అధస్సూచికగా రాయించారు. చాలా నిజాయితీపరుడు.

మధ్యాహ్నం హైమవతి సంఘానికి తన ఫ్లాస్కులోంచి టీ పోసింది. శేషావతారంగారు ఒక గుక్క తాగి ఆగిపోయారు.

"ఈ టీ ఎప్పటిది?"

"పొద్దున్న ఏడింటికి కింద బజారులో పోయించుకొచ్చింది సార్."

"ఇప్పుడు రెండయింది. ఇంకా వేడిగా ఉంది."

ఇనుంబాబు ఫ్లాస్కు వైపు శత్రువును చూసినట్టు చూశాడు.

"స్టీలు, గాజు, ప్లాస్టిక్కు," అన్నారు శేషావతారంగారు. "ఇదీ మిశ్రమ పదార్థమే. దీన్ని అయిదో నమూనాగా చేర్చండి."

"సార్, అది పొయ్యి కాదు కదా," అంది హైమవతి.

"పొయ్యి కాదు. నిజమే. కాని దీని మీద కూడా వంట చేయరు. ఆ విధంగా చూస్తే మిగతా నాలుగింటికన్నా ఇదే నిబంధనలకు దగ్గరగా ఉంది."

ఆ సాయంత్రం నుంచి రోజూ ఫ్లాస్కులో బజారు నుంచి తెచ్చిన కొత్త టీ పోసి, మూత మీద లక్క వేసి, వరసలో అయిదోదిగా నిలబెట్టారు. తాగడం నిషేధం. ఆ రోజు నుంచి సంఘానికి కూడా టీ లేదు. కొండమీద ఎనభై ఇద్దరు పిల్లలు, ఒక వార్డెను, ఒక సంఘం చలికి వణుకుతూ, నడుమ భద్రంగా ఉన్న వేడిని కాపలా కాశారు.

రెండోరోజు పొద్దున ప్రార్థనలో పాట కన్నా దగ్గే ఎక్కువ వినిపించింది. వరసలో చివర నిలబడే పిల్ల వంటింటి గుమ్మందాకా వచ్చి, తాడు అవతల ఆగింది.

"పెద్దమ్మా, జావ ఇంకెప్పుడు?"

"ఈ ఒక్కరోజే అమ్మా. రేపటికి మన పొయ్యి మనకొచ్చేత్తాది. గెలుత్తంది గదా."

నిజంగానే ఆ పొద్దున్న కూడా ఎర్నమ్మ పొయ్యే గెలిచింది. అరవై మూడు డిగ్రీలు. ఫ్లాస్కు, లక్క ఊడదీసి మూత తెరిచి చూస్తే, నలభై. మిగతా మూడూ గోడతో సమానం. ఎర్నమ్మ లోలోపల పొంగిపోతూ ఉండగా సిమెంటుబాబు టేపు తెచ్చి ఆమె పొయ్యి పొడవు, వెడల్పు కొలవడం మొదలుపెట్టాడు.

"ఏటి బాబూ కొలుత్తన్నారు?"

"గాజుపెట్టెకి."

"గాజుపెట్టెలో ఏటి పెడతారు?"

"దీన్నే."

ఎర్నమ్మ తిన్నగా హైమవతి గదికి పోయి, ఆ రోజు చదవకుండా వదిలేసిన నిబంధనలు చదవమంది. హైమవతి కళ్లజోడు పెట్టుకుంది.

"పదకొండు. ప్రథమ స్థానము పొందిన పొయ్యిని ఆదర్శ నమూనాగా ప్రకటించి, గాజుపెట్టెలో భద్రపరచవలెను. దాని వేడికి భంగము కలుగు విధముగా దానిపై ఎన్నడూ ఏ పాత్రయు ఉంచరాదు."

"ఎన్నడూనా?"

"ఎన్నడూ అనే ఉంది ఎర్నమ్మా."

"అంటే గెలిస్తే గాజుపెట్టి. ఓడితే గునపం." ఎర్నమ్మ గుమ్మానికి చేరగిలబడింది. "ఏ దారిన పోయినా పిల్లగుంటలకి జావ నేదన్నమాట. ఇదేటమ్మా ఇది. పొయ్యిని పొయ్యిలాగ బతకనీయరేటి?"

హైమవతి మంచిదే. కాని ఆమెకు నిబంధనలంటే భయం. తన సొంత ఫ్లాస్కు వరసలో అయిదోదిగా నిలబడి ఉంటే ఏమీ అనలేక ఊరుకున్న మనిషి. "ఉన్నది ఉన్నట్టు అధ్యక్షులకే చెప్పి చూడు," అంది.

ఎర్నమ్మ చెప్పింది. ఏదీ దాచలేదు.

"బాబూ, నా పొయ్యిలో మట్టి గొప్ప ఏటీ నేదు. నాను సాయంత్రం నిప్పుల్ని గుంటలోకి నెట్టి బూడిద కప్పుతాను. రాత్రంతా అవి లోన నిద్రపోతాయి. పొయ్యి వేడిగా ఉందంటే లోన నిప్పున్నాది కాబట్టి. అంతే."

శేషావతారంగారు శ్రద్ధగా విన్నారు. తర్వాత ప్రొఫార్మా తెప్పించుకుని పైనుంచి కిందికి చదివారు. పదార్థము, నిష్పత్తి, మందము, బరువు, జ్వాల. మళ్లీ చదివారు.

"నిప్పు దాచడం ఏ కాలమ్‌లోకి వస్తుందమ్మా?"

"నాకేటి తెలుస్తాది బాబూ."

"ఏ కాలమ్‌లోకీ రాదు. కాలమ్ లేని కారణాన్ని సంఘం కారణంగా తీసుకోజాలదు. నువ్వు వినయవంతురాలివి, ఆ సంగతి అర్థమైంది. నీ పొయ్యి గొప్పతనం నీకు తెలియకపోవడం కూడా సహజమే." ఆయన గొంతు తగ్గించారు. "అయితే ఒక విషయం గమనించాను. నువ్వు ఆర్పితే బుస్సుమనదు. పొగ లేవదు. నీళ్లు చిందవు. మావాళ్లు ఆర్పినప్పుడల్లా వంటిల్లంతా బురద. తుది పరీక్షలో ఆర్పే విధానం ఏకరూపంగా ఉండాలి. కనుక నాలుగు పొయ్యిలనూ నువ్వే ఆర్పాలి."

ఎర్నమ్మ తల ఊపి నాలుగడుగులు వేసి ఆగింది.

"బాబూ, గెలిసింది గాజుపెట్టిలోకి పోద్ది. ఓడినవి పోతాయి. మరి రెండోదో?"

"రెండో స్థానమా?" ఆయన కాగితాలు తిరగేశారు. "పదకొండు, ప్రథమ స్థానం. పన్నెండు, బహుమతి ప్రదానోత్సవం. పదమూడు, తృతీయ స్థానము, అంతకు దిగువ స్థానములు పొందినవాటిని వెంటనే ధ్వంసము చేసి తొలగించవలెను." ఇంకోసారి తిరగేశారు. "రెండో స్థానం గురించి ఏమీ లేదే."

"అంటే దాన్నేటి సెయ్యరా?"

"చేయమని ఎక్కడా లేదు మరి. లేని పని ఎలా చేస్తాం?"

"నిజమే బాబూ," అంది ఎర్నమ్మ. ఆమె మొహం చోడిపిండి ఉండకట్టకుండా కలిసినప్పుడు ఉన్నట్టుగా ఉంది.

తుది పరీక్ష సాయంత్రం నాలుగు పొయ్యిలూ గంటసేపు భగభగా మండాయి. ఆరయింది. ఎర్నమ్మ కొంగు నడుముకు బిగించి, చేట, పార పుచ్చుకుని దిగింది. ఎనభై ఇద్దరికి వడ్డించే చెయ్యి అది. ఎవరికి ఎంత వేయాలో దానికి కొలతపాత్ర అక్కర్లేదు.

ముందుగా ఇనుము పొయ్యి. నిప్పులన్నీ పారతో ఎత్తి బకెట్టులో వేసుకుని, లోపల బూడిద కప్పింది. సిమెంటు పొయ్యి. అంతే. తన పొయ్యి దగ్గరికి వచ్చి, ఉన్న నిప్పుల్లో సగం తీసేసి, మిగతా సగానికి బూడిద కప్పి, పిడక పెట్టకుండా వదిలేసింది. "ఈ ఒక్కరోజుకి సగం కడుపుతో తొంగో," అంది దాంతో. చివరగా శేషావతారంగారి బలపంరాయి పొయ్యి. బకెట్టులో నిప్పులన్నీ, తన పొయ్యిలోంచి తీసిన లావుపాటి చింతనిప్పులతో సహా, దాని పొట్టలో పోసింది. రెండు పిడకలు పెట్టింది. మూడు చేటల బూడిద కప్పి, పసిబిడ్డకు దుప్పటి కప్పినట్టు నాలుగు మూలలా అద్దింది.

ధనుంజయ టార్చి పట్టుకుని పక్కనే ఉన్నాడు. బకెట్టు ఏ పొయ్యి దగ్గర నిండిందో, ఏ పొయ్యి దగ్గర ఖాళీ అయిందో చూస్తూనే ఉన్నాడు.

"పెద్దమ్మా, నాలుగింటినీ ఒక్కలాగే ఆర్పావా? ఇక్కడ రాయాలి."

"నాలుగింట్లోనూ బూడిదే కప్పినాను బాబూ. మంటేటైనా కనబడతందా?"

అతను నాలుగు పొయ్యిల్లోకీ టార్చి వేశాడు. "కనబడటం లేదు."

"మరి అదే రాయి."

రాశాడు. కాగితం మడుస్తూ, "మాది టెక్కలి దగ్గర పల్లె పెద్దమ్మా," అన్నాడు. "మా మామ్మ కూడా పొయ్యి ఇలాగే పడుకోబెట్టేది."

ఎర్నమ్మ చేట కింద పెట్టింది. "అయితే నీకు కాలమ్ ఉందేటి బాబూ, రాసుకోడానికి?"

"నాకూ లేదు," అన్నాడతను.

పొద్దున్న ఆరింటికి అందరూ వంటింట్లో చేరారు. తాడు అవతల పిల్లలు కూడా దుప్పట్లు కప్పుకుని నిలబడ్డారు. ధనుంజయ ఒక్కొక్కటీ చదివాడు. ఇనుము పదమూడు. సిమెంటు పద్నాలుగు. ఫ్లాస్కు నలభై ఒకటి. ఎర్నమ్మ పొయ్యి నలభై ఎనిమిది. ఇనుంబాబు, సిమెంటుబాబు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తుపాకీ బలపంరాయి వైపు తిరిగింది.

"డెబ్బై రెండు సార్."

శేషావతారంగారు మఫ్లరు కొసతో కళ్లు ఒత్తుకున్నారు. ఎర్నమ్మకు ఆయన్ను చూస్తే జాలేసింది. ఇంట్లో ఎవరూ తినని కూర మొదటిసారి ఎవరో మారు అడిగినప్పుడు ఆడవాళ్ల మొహం ఎలా ఉంటుందో ఆయన మొహం అలా ఉంది.

"మరి మొదటి రెండు రోజులూ అది చల్లారిపోయింది కదా సార్?" అన్నాడు ఇనుంబాబు, ఉండబట్టలేక.

"బలపంరాయి కొత్త రాయి," అన్నారు శేషావతారంగారు. "వేడికి అలవాటు పడటానికి దానికి రెండు రోజులు పట్టింది. దీన్ని అభ్యాస గుణం అంటారు. రాసుకోండి."

ధనుంజయ రాసుకున్నాడు.

నిబంధనల ప్రకారం వెంటనే పని మొదలైంది. ఇనుము పొయ్యిని నలుగురు మోసుకెళ్లి లారీలో పడేశారు. సిమెంటు పొయ్యిని గునపంతో పగలగొట్టారు. ఆ తర్వాత కూలీ సుత్తి పుచ్చుకుని ఫ్లాస్కు ముందు నిలబడి, కొట్టాలా వద్దా అన్నట్టు శేషావతారంగారి వైపు చూశాడు.

"సార్, అది నా పెళ్లికి మా మేనత్త ఇచ్చింది," అంది హైమవతి. ఆమె ఉద్యోగంలో చేరాక నిబంధనకు ఎదురుచెప్పడం అదే మొదలు.

"బాధగానే ఉందమ్మా. కాని మూడో స్థానం," అన్నారాయన మెత్తగా.

సుత్తి ఒక్కటే దెబ్బ. రాత్రంతా ఎవరూ తాగని టీ ఇంకా ఆవిరి కక్కుతూ నేలమీద పారింది. పిల్లలు ఆ ఆవిరి వైపే చూశారు.

"బాబూ, నా పొయ్యో?" అంది ఎర్నమ్మ. ఇంతసేపూ పక్కన ఉన్న మనిషి ఆ మాట అడుగుతూ పొయ్యికి అడ్డంగా వచ్చి నిలబడింది. కూలీ చేతిలో సుత్తి ఇంకా ఉంది మరి.

శేషావతారంగారు కాగితాలు మొదటినుంచి చివరిదాకా చూశారు. ఇనుంబాబు చూశాడు. సిమెంటుబాబు కాగితం వెనకవైపు కూడా చూశాడు.

"రెండో స్థానం విషయంలో నిబంధనలు మౌనంగా ఉన్నాయి," అన్నారాయన. "కనుక సంఘం కూడా మౌనం వహిస్తుంది."

"అంటే డేగిసా పెట్టుకోవచ్చా?"

సంఘం మౌనం వహించింది.

ఎర్నమ్మ తాడు విప్పింది. బూడిద పక్కకు తోసి, నాలుగు పుల్లలు పెట్టి, గొట్టంతో రెండుసార్లు ఊదింది. పొయ్యి ఆవులించి లేచింది. డేగిసా ఎక్కింది. ఆ రోజు జావ ఏడుంపావుకు దిగింది. పంతొమ్మిదేళ్లలో అంత ఆలస్యం ఎప్పుడూ లేదు. ఒక్క పిల్లా ఆ మాట అనలేదు, గ్లాసుల్లోంచి మొహాలు పైకెత్తితే కదా. సంఘం కూడా మౌనంగానే వచ్చి వరసలో నిలబడింది. శేషావతారంగారు రెండోసారి పోయించుకున్నారు. ధనుంజయకు ఎర్నమ్మ అడగకుండానే మూడోసారి పోసింది.

నెల తిరిగేసరికి బహుమతి ప్రదానోత్సవం వచ్చింది. డైరెక్టరుగారు స్వయంగా వచ్చారు. గెలిచిన పొయ్యి ఇప్పుడు భోజనాల గదిలో గాజుపెట్టెలో ఉంది. మెడలో బంతిపూల దండ ఉంది. 'ఆదర్శ ఉష్ణనిల్వ పొయ్యి. ముట్టరాదు. వండరాదు.' అని బోర్డు ఉంది. ప్రతి వసతిగృహానికీ ఇలాంటిది ఒకటి పంపాలన్న కాగితం ఆయన సంతకం కోసం సిద్ధంగా ఉంది. ఉపన్యాసం అయ్యాక గాజుపెట్టె తలుపు తెరిపించి, ఆయన అలవాటుగా దానికి వీపు ఆనించారు. కాసేపటికి మొహం ముడుచుకున్నారు.

"ఇది చల్లగా ఉందేమిటి?"

"వేడి లోపల భద్రంగా ఉంది సార్," అన్నారు శేషావతారంగారు. "ఏమాత్రం వృథా కావడం లేదు. అందుకే బయటికి తెలియడం లేదు."

డైరెక్టరుగారు మెచ్చుకోలుగా తల ఊపారు. రెండుసార్లు తుమ్మారు. సంతకం పెట్టాల్సిన కాగితం పట్టుకునే, టీ వంకతో మెల్లగా వంటింట్లోకి నడిచారు. అక్కడ ఎవరూ చెప్పకుండానే ఆయన కాళ్లు పాత చోటికి పోయాయి. వీపు పాత చోట ఆనింది.

ఎర్నమ్మ గ్లాసునిండా జావ పోసి చేతికిచ్చింది. ఆయన ఒక గుక్క తాగారు. కళ్లు వాటంతట అవే మూతపడ్డాయి.

"ఇది ఎన్నో స్థానం వచ్చింది?"

"రెండోది బాబూ."

"అదే అనుకున్నాను," అన్నారాయన, వీపును ఇంకాస్త వెనక్కి జరుపుకుంటూ. "మొదటిదానికీ దీనికీ తేడా వీపుకే తెలిసిపోతోంది."

"ఇంకొంచెం పొయ్యమంటారా?" అంది ఎర్నమ్మ.

ఆయన గ్లాసు చాపారు. ఈసారి పన్నెండు నిమిషాలు కదల్లేదు.